గోడకు పురుడు

అన్యాయం ఎవరికి జరిగింది? చిప్పలదిబ్బ లంకలో సున్నపు బట్టీ కాల్చుకుని బతికిన సైకం తిరుపతమ్మకు. ఎలా జరిగింది? పదకొండు మంది చావుకు ఆమె చేతిపనే కారణమని ప్రభుత్వం నియమించిన సంఘం తేల్చింది. ఆమె పద్నాలుగు నెలలు జైలులో ఉంది. తిరిగి వచ్చాక, ఆమె ముంచిన బిందెలో నీళ్ళను సొంత లంకవాళ్ళే పారబోశారు. ఎవరు చేశారు? జైలుకు పంపినవాళ్ళ జాబితా చిన్నది కాదు. అందులో చదువురానివారు ఒక్కరు కూడా లేరు.

నా పేరు లూర్దుమేరి. ఆ జాబితాలో నేనూ ఉన్నాను. ఈ సంగతిని చివరివరకూ దాచి పాఠకులను ఆశ్చర్యపరచాలన్న కోరిక నాకు లేదు.

తీరగృహ పరిశోధన సంస్థలో నేను రసాయన శాస్త్రవేత్తగా పనిచేశాను. సముద్రం ఏటా ఇంత చొప్పున లోపలికి జరుగుతున్న రోజులవి. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న లంకలలో తాటాకు ఇళ్ళు ప్రతి తుఫానుకూ లేచిపోయేవి. ప్రభుత్వం కట్టించిన సిమెంటు ఇళ్ళలో ఇనుము ఉప్పుగాలికి తుప్పుపట్టి, ఆరేళ్ళకే కప్పు పెచ్చులుపెచ్చులుగా రాలేది. ఇటుక, ఇనుము, సిమెంటు మూడూ పడవ మీద రావలసిందే గనుక లంకలో పేదవాడి గది పట్నంలో ఉద్యోగి ఇంటికన్నా ప్రియమయ్యేది. ఇన్ని సంవత్సరాలూ ఈ లెక్క తెలిసిన పెద్దమనుషులు చేసిందల్లా సదస్సులు పెట్టడం, సదస్సుల్లో జీడిపప్పు తినడం.

మా డైరెక్టరు నిశాకర్‌గారికి ఒక మంచి ఆలోచన వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవడం న్యాయం. లంకలో దొరికేవాటితోనే ఇల్లు కట్టాలి. దొరికేవి ఒండ్రుమట్టి, ఆల్చిప్పలు, ఉప్పునీరు. మడచెట్ల వేళ్ళ దగ్గరి బురదలో, ఉప్పునీరు తాగి సున్నపు పొర పేర్చుకునే సూక్ష్మజీవి ఒకటి ఉంది. దాన్ని మేము ప్రయోగశాలలో పెంచి, కొంత మార్చి, ఒండ్రుమట్టిలోనూ చిప్పలు కాల్చిన గుల్లసున్నంలోనూ కలిపాం. ఆ మట్టితో లేపిన గోడ ఉప్పుగాలి తగిలినకొద్దీ గట్టిపడాలి. బీట వస్తే తనంతట తానే పూడ్చుకోవాలి. కాగితం మీద అలాగే ఉంది. ప్రయోగశాలలో మాత్రం రెండేళ్ళపాటు ఆ మట్టితో చేసిన ప్రతి గడ్డా చచ్చిపోయింది.

తిరుపతమ్మ మాకు గుల్లసున్నం బస్తాలు దింపడానికి వచ్చేది. ఒకరోజు బల్ల మీద ఉన్న గడ్డనొకదాన్ని తీసి, నేను చూస్తుండగానే, నాలుకతో నాకింది.

“ఛీ! కింద పెట్టు. అది నోట్లో పెట్టుకునే వస్తువు కాదు,” అన్నాను.

“పెట్టుకోకపోతే ఎట్టా తెలుస్తదమ్మగారూ?” కళ్ళు మూసుకుని ఇంకోసారి నాకింది. “ఉప్పుగా ఉంది. సచ్చిపోయింది మీ పిల్ల.”

“ఏ పిల్ల?”

“ఇదే. మంచినీళ్ళతో కలిపారు గదూ?”

మూడుసార్లు శుద్ధిచేసిన నీటితో కలిపామని గర్వంగా చెప్పాను.

“ఉప్పునీళ్ళలో పుట్టినదానికి మంచినీళ్ళు పోస్తే బతుకుద్దా? చేపను పట్టుకొచ్చి పాలల్లో వేస్తారా ఏంది, తెల్లగా ఉంటయ్యని?”

గదిలో ఉన్న ముగ్గురు పట్టభద్రులూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆమె చెప్పినదాంట్లో రసాయనశాస్త్రం ఉందని నాకు అర్థమైంది. జీవి బతికి ఉంటే ఉప్పును తన పొరల కింద బంధిస్తుంది, అందుచేత గోడ పైభాగం చప్పగా ఉంటుంది. చచ్చిపోతే ఉప్పు చెమటలా పైకి ఊరుతుంది. పది లక్షల విలువ చేసే మా యంత్రం చెప్పలేని సంగతిని ఆమె నాలుక చెప్పింది. యంత్రానికి గది, చల్లగాలి, తాళం ఉండేవి. తిరుపతమ్మకు మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఆమె ఇంకా మంచినీళ్ళు తగలని మా మట్టి ముద్దనొకదాన్ని పాత చీర ముక్కలో చుట్టుకుని లంకకు తీసుకుపోయింది. నాలుగు నెలల తర్వాత మమ్మల్ని పిలిచింది. చూడబోతే అక్కడ ఇల్లు ఉంది. ఆ ప్రాంతపు చుట్టిల్లు. గుండ్రని గోడ, మీద గొడుగులాంటి తాటాకు కప్పు. మూల అనేది లేదు గనుక గాలికి పట్టు దొరకదు. ముద్ద ఒకటే అయినప్పుడు ఇంత గోడకు జీవి ఎలా సరిపోయిందని అడిగితే ఆమె నన్ను జాలిగా చూసింది.

“పెరుగు చేసేటప్పుడు ఏం చేస్తారమ్మగారూ మీ ఇంట్లో? తోడెయ్యరా? ఇదీ అంతే. ఈ గోడలోంచి గోరంత గిల్లి పక్క గోడ మట్టిలో కలిపితే చాలు. తోడుకుంటది.”

ఆ ఏడు వచ్చిన తుఫానుకు ఆ ఇంటి గోడ పగలలేదు సరికదా, మరునాడు చూస్తే ఉప్పుజల్లు కొట్టిన తూర్పువైపు మరింత నున్నగా, గట్టిగా తయారై ఉంది. నిశాకర్‌గారు గోడ పక్కన నిలబడి ఫోటో దిగారు. తిరుపతమ్మను కాస్త పక్కకు జరగమన్నారు.

ప్రభుత్వం లంకలో ఇరవై ఇళ్ళకు అనుమతి ఇచ్చింది. ఇక పద్ధతి అంతా పుస్తకంగా రావాలి, ఆంగ్లంలో. లంక మాట, ఆంగ్లం రెండూ తెలిసినదాన్ని నేనే. తిరుపతమ్మను కూర్చోబెట్టి ఆమె చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో తెలుగులో రాసుకున్నాను. మట్టి పాళ్ళు, చిప్పలు కాల్చే వేడి, ఉప్పునీటితో కలిపే తీరు అన్నీ వచ్చాయి. చివరికి వచ్చింది ఆ మాట.

“గోడ లేచినాక ఇరవయ్యొక్క రోజులు పురుడు.”

“పురుడా? గోడకా?”

“గోడకేనమ్మా. పచ్చి బాలెంత అది. రెండు పోట్లకీ ఉప్పునీళ్ళు తాపాల. మంచినీళ్ళు చుక్క తగలకూడదు, వానొస్తే తాటాకు కప్పాల. రంగులూ గింగులూ వెయ్యకూడదు, పైవాళ్ళు ముట్టుకోకూడదు. ఇరవయ్యొకటో రోజున నాకి చూసి, సప్పగుంటే పొయ్యి పెట్టుకోవచ్చు.”

పురుడు, మైల అన్న మాటలంటే నాకు అసహ్యం. మా అమ్మను మూడు కాన్పులకూ పశువుల సావిడి పక్కగదిలో చాప మీద పడేసి, గిన్నె దూరం నుంచి జరిపేవారు. కాన్వెంటులో మా సిస్టర్ గొంజాగా ఆ మాటలను నల్లబల్ల మీద రాసి, తుడిచి, ఇవి మనిషిని తక్కువచేసే మాటలు, మీ నోట రాకూడదు అని చెప్పేది. ఆమె చెప్పింది నిజమే. అసహ్యం న్యాయమైనదే. దాన్ని ఎక్కడ వాడాలో మాత్రం నాకు తెలియలేదు.

నేను ఎర్ర పెన్సిలు తీసి ఆ పేరా మొత్తాన్నీ కొట్టేశాను. ఉప్పునీళ్ళతో సహా. పుస్తకంలో ఆ చోట ఆంగ్లంలో ఇలా రాశాను: ప్రసవానంతర మైలకు సంబంధించిన స్థానిక మూఢాచారం, నిర్మాణంలో భాగం కాదు. మట్టిని ఉప్పునీటితో కలిపితే చాలు, గోడ లేచాక ఏ నీరైనా ఒకటే అనుకున్నాను. గోడను వారంపాటు నీటితో తడపాలి అని ముప్ఫై నాలుగో పేజీలో ముగించాను. తప్పు రాస్తే పేజీ చింపకూడదు, అక్కడే ఎర్రగా దిద్ది సంతకం పెట్టాలి అన్నది గొంజాగా సిస్టర్ పెట్టిన నియమం. నోటుపుస్తకంలో ఆ ఎర్ర గీత కింద నేను అలవాటుగా సంతకం పెట్టాను. సరైనదాన్ని కొట్టేసి కూడా.

నిశాకర్‌గారు ముప్ఫై నాలుగో పేజీని పరీక్షించారు. ఉప్పునీరు పోసిన గడ్డను, మంచినీరు పోసిన గడ్డను ఏడో రోజున యంత్రంలో పెట్టి నలిపారు. బతికున్న గడ్డ లోపల ఇంకా తడిగా, మెత్తగా ఉండి ముందే చితికింది. చచ్చిన గడ్డ ఎండి బిగుసుకుని ఉంది గనుక ఎక్కువ బరువు మోసింది. మంచినీటి గడ్డే గట్టిదని అంకె వచ్చింది. ఆయన ఆ అంకెను ఎర్రటి ఫ్రేములో కట్టించి తన గదిలో వేలాడదీశారు. ముందు ఆ రెంటినీ ఎవరో ఒకరు నాకి చూసి ఉంటే ఆ ఫ్రేము అక్కర్లేకపోయేది.

ఇరవై ఇళ్ళూ లేచాయి. మట్టి కలిపింది తిరుపతమ్మ, ఆమెతో వచ్చిన ఆడవాళ్ళు. గోడలు లేచిన మరుక్షణం గుత్తేదారు వాళ్ళను బయటికి పంపి, పడవ మీద మంచినీళ్ళ ట్యాంకు తెప్పించాడు. మంత్రిగారు ప్రారంభించే తేదీ ఖాయమైంది. ఎనిమిదో రోజున రంగులు. ఇళ్ళకు తాళాలు, తాళాలకు రిబ్బన్లు.

తిరుపతమ్మ పడవ దాటి, రెండు బస్సులు మారి నా గదికి వచ్చింది.

“అమ్మగారూ, నేను చెప్పింది మీరు రాసుకున్నారు గదా?”

“రాసుకున్నాను.”

“మరి పుస్తకంలో లేదంటన్నాడే ఆ గుత్తేదారు. పేజీ తీసి చూపిత్తన్నాడు.”

“ఏది లేదు?”

“పురుడు.”

“తిరుపతమ్మా, అది సైన్సు పుస్తకం.”

ఆమె నవ్వింది. “అట్టాగా. తుఫాను ఎప్పుడొస్తదో సైన్సుకి ముందే తెలుస్తదంటగా. మరి పురుడు తీరిందాకా ఆగమని దానికో కాగితం రాయండి. మీ సంతకానికి విలువుంటది.”

“ఎగతాళి చాలు. పుస్తకంలో ఉన్నట్టు చేయండి.”

“బాలెంతకి పట్టుచీర కట్టి ఊరేగిస్తన్నారమ్మా,” అంటూ లేచింది. “నా కొడుకు పేర కూడా ఒక ఇల్లొచ్చింది. కోడలికి నెలలు నిండినయ్. పోనీ ఆ ఒక్క ఇంటికైనా తాళం తీయించండి, నేనే తాపుకుంటా.”

పుస్తకంలో ఉన్నట్టు చేయండి అని మళ్ళీ అన్నాను. అదే మాట, అదే గొంతుతో.

ప్రారంభం ఘనంగా జరిగింది. తెల్లగా మెరిసే ఇరవై ఇళ్ళలోకి ఇరవై కుటుంబాలు వెళ్ళాయి. తిరుపతమ్మ కోడలు నాంచారి ఆడపిల్లను కన్నది. తుఫాను నాటికి ఎనిమిది రోజుల బాలింత.

తుఫాను పొద్దున వచ్చింది. ఆ ఉదయం బిడ్డకు నీళ్ళు పోయడానికి తిరుపతమ్మ పసిదాన్ని తన చుట్టింటికి తెచ్చుకుంది. నీళ్ళు పోసి, పొగ వేసి, గుడ్డలో చుట్టేసరికి గాలి లేచింది. ఆ ఇంటికీ కొడుకు ఇంటికీ మధ్య అరవై అడుగుల దూరం. ఆ అరవై అడుగులూ ఆమె దాటలేకపోయింది. గుమ్మంలో నిలబడి చూసింది. ఉప్పుజల్లు కొట్టినకొద్దీ తెల్లని గోడలు నీళ్ళలో వేసిన బతాసుల్లా కరిగాయి. రంగు మాత్రం చివరిదాకా మెరుస్తూనే ఉందట.

ఇరవై ఇళ్ళలో ఇరవయ్యీ కూలాయి. పదకొండు మంది పోయారు. నాంచారి, ఆమె భర్త ఇద్దరూ వాళ్ళలో ఉన్నారు. తిరుపతమ్మ చుట్టింట్లోకి ఎలాగో చేరిన ఇరవై ఏడుగురికి దెబ్బ కూడా తగలలేదు. ఆ ఇంటి గోడకు గీత కూడా పడలేదు.

అదే ఆమె నేరమైంది. తన ఇంటికి మంచి మట్టి వాడుకుని, పరాయి ఇళ్ళకు చెత్త మట్టి కలిపిందని లంకలో ఎవరో అన్నారు. బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళకు కోపగించుకోవడానికి ఎవరో ఒకరు కావాలి, దగ్గరలో ఉన్న మనిషి ఆమే. కొడుకునూ కోడలినీ కూడా ఆమే పోగొట్టుకుందన్న సంగతి వాళ్ళకు అడ్డు రాలేదు. సంఘంవారికి ఆ మాట వరమైంది. స్థానిక మహిళా కూలీలు మిశ్రమాన్ని నిర్లక్ష్యంగా కలిపారు అని నిశాకర్‌గారు సాక్ష్యం ఇచ్చారు.

నన్నూ పిలిచారు. రెండు ప్రశ్నలు వేశారు. పుస్తకం మీరే రాశారా? రాశాను. అందులో సాంకేతిక దోషాలు ఏమైనా కనిపించాయా? పరీక్షలన్నీ ఏడో రోజున జరిగాయి, అంకెలు సరిగా ఉన్నాయి అన్నాను. మూడో ప్రశ్న వేయలేదు, నేను జవాబు చెప్పలేదు. అడగలేదు కనుక చెప్పలేదు అనుకునే సౌకర్యాన్ని చదువు మనిషికి ఇస్తుంది. నేను దాన్ని పదకొండేళ్ళు వాడుకున్నాను. మూసుకున్న నోరు నాది, దానికి దక్కిన పింఛను కూడా నాదే. దీనికి నేను సాకు చెప్పను.

పదకొండో ఏట నాకు ఒక ఆహ్వానపత్రం వచ్చింది. నిశాకర్‌గారికి సన్మానం. మరో తొమ్మిది లంకలలో మూడు వేల ఇళ్ళు, అదే పద్ధతిలో, వచ్చే తుఫానుల నెలకు ముందే. వెళ్ళాను. హాలు ముందు ప్రదర్శన పెట్టారు. మొదటి గడ్డ, యంత్రం, ఎర్రటి ఫ్రేములో అంకె. చివరన తిరుపతమ్మ ఫోటో, జైలు గేటు దగ్గర తీసినది. కింద రాశారు: మానవ నిర్లక్ష్యం, ఒక పాఠం.

బల్ల మీద కొత్త ముద్రణ పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ముప్ఫై నాలుగో పేజీ తీశాను. నా వాక్యం కామాతో సహా అలాగే ఉంది. మూడు వేల ఇళ్ళు ఆ వాక్యం మీద లేవబోతున్నాయి.

మరునాడే ప్రభుత్వానికి అర్జీ పెట్టాను, నోటుపుస్తకం నకలుతో. విచారణాధికారిగా శ్రీమతి హైమవతి అనే ఆమెను వేశారు. బడిపంతులులాంటి మనిషి. విచారణ చిప్పలదిబ్బలోనే జరగాలని పట్టుబట్టింది.

బడి వరండాలో కుర్చీలు వేశారు. లంక లంకంతా ముందు నిలబడింది. తిరుపతమ్మను చూసి పదకొండేళ్ళయింది. ఎండిన చేపలా అయిపోయింది. నన్ను చూసి నమస్కారం పెట్టలేదు.

నేను నోటుపుస్తకం తెరిచి, కొట్టేసిన పేరాను గట్టిగా చదివాను. పురుడు అన్న మాట రాగానే జనంలో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కింద ఎర్ర సంతకం ఎవరిదో కూడా చదివాను.

నిశాకర్‌గారు గొంతు సవరించుకున్నారు. “మేడమ్, ఇది భాషాదోషం. సాంకేతిక దోషం కాదు. ఇళ్ళు కూలింది మిశ్రమం వల్ల. ఈసారి కూలీలను ముట్టుకోనివ్వడం లేదు. ఇదిగో, మా ఇంజనీర్లే కలిపి, పుస్తకం ప్రకారం వారం తడిపిన గడ్డ. యంత్రం మీద దీని బలం చూడండి.” తెల్లటి గడ్డను వెల్వెట్ పెట్టెలోంచి తీశారు. పెళ్ళికి నగ చూపించినట్టు.

హైమవతిగారు తిరుపతమ్మ వైపు తిరిగారు. “మీరేమంటారమ్మా?”

“నేనేమంటానండి. నాకు భాషా రాదు, సాంకేతికమూ రాదు. నాలిక ఒకటుంది.” లేచి వచ్చి, గడ్డను తీసుకుని నాకి, తిరిగి వెల్వెట్టులో పెట్టింది. “శవానికి పౌడరు బాగానే రాశారు.”

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. నిశాకర్‌గారు జేబురుమాలుతో గడ్డను తుడిచారు. “ఇది విచారణా, వంటల పోటీనా? ఆరోగ్య సూత్రాలు…”

“రెండు గిన్నెలు తెప్పించండి,” అన్నారు హైమవతిగారు.

రెండు స్టీలు బేసిన్లలో సముద్రపు నీళ్ళు పోశారు. ఒకదానిలో ఆయన గడ్డ. రెండోదానిలో తిరుపతమ్మ తన చుట్టింటి గోడ నుంచి, గోడకు నొప్పి పుడుతుందన్నట్టు మెల్లగా చెక్కి తెచ్చిన పెళ్ళ. ఇద్దరు బంట్రోతులు నీళ్ళను తెడ్డుతో కదుపుతూ కూర్చున్నారు. భోజనాల వేళ అయింది. నిశాకర్‌గారు పులిహోర పొట్లం విప్పారు. పోపులో పల్లీలు తక్కువయ్యాయని వాళ్ళ ఉద్యోగిని మందలించారు. ఆ మందలింపు పూర్తయ్యేలోపు మొదటి బేసిన్‌లో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఆయన చేయి కడుక్కుని వచ్చేసరికి బేసిన్‌లో గడ్డ లేదు, ముద్ద ఉంది.

హైమవతిగారు రెండో బేసిన్‌లోంచి పెళ్ళను తీశారు. అంచులు కూడా మెత్తబడలేదు. జనమంతా చూస్తుండగా ఆమె దాన్ని పైకెత్తి నాకారు.

“చప్పగా ఉంది,” అన్నారు. తర్వాత నిశాకర్‌గారి వైపు చూశారు. “మీరూ చూడండి, సార్.”

ఆయన చూడలేదు. తుఫానులో పిల్లను పోగొట్టుకున్న ఒక ముసలాయన ముందుకు వచ్చి ఆ పెళ్ళను తీసుకున్నాడు. నాకి, తిరుపతమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

హైమవతిగారి నివేదిక మీద కోర్టు తీర్పు వచ్చింది. మూడు వేల ఇళ్ళ పని ఆగింది. నిశాకర్‌గారి మీద కేసు నడుస్తోంది. ఆయన రక్తపోటు కారణంగా వాయిదాలకు రావడం లేదు. తిరుపతమ్మ మీది శిక్షను రద్దుచేశారు. ముప్ఫై నాలుగో పేజీని చింపకుండా, తప్పు కనిపించేలా ఉంచి, దాని మీదే ఎర్ర సిరాతో పురుడు అన్న మాటను తెలుగు అక్షరాలతో వేసి, ఇరవయ్యొక్క రోజుల పద్ధతి అంతా ముద్రించాలని ఆదేశం. ఆ మాటకు ఆంగ్లం రాయవద్దని నేనే అడిగాను.

తీర్పు కాగితం పట్టుకుని చుట్టింటికి వెళ్ళాను. ఆమె తిరగేసి చూసింది.

“దీన్నేం చేసుకోను? పొయ్యిలోకి కూడా పనికిరాదు. ప్లాస్టిక్ తొడిగారు.”

“నీకు బాకీ ఉన్నాను తిరుపతమ్మా. ఎలా తీర్చాలో చెప్పు.”

“నాకేం బాకీ లేదు. నాంచారి గోడకి ఉంది.” వేలితో అరవై అడుగుల అవతల ఖాళీ దిబ్బను చూపించింది. “పురుడు ఎగ్గొట్టారు దానికి. అదే చోట రేపు గోడ లేపుతన్నాం, దాని పిల్లకి, నా మనవరాలికి. వచ్చి పురుడు పెట్టండి.”

“ఎన్ని రోజులు?” నోరు జారింది.

“పుస్తకంలో చూసుకోండి.”

వెళ్ళాను. నాకు డెబ్బై ఒకటో ఏడు. రోజుకు రెండు పోట్లు. పోటు వేళ రోజూ జరుగుతుంటుంది, దాన్ని బట్టి నిద్ర, తిండి జరుగుతాయి. రేవు నుంచి బిందె, బిందె నుంచి చెంబు, చెంబు నుంచి గోడ. కింద నుంచి పైకి కాదు, పై నుంచి కిందికి, జోలపాటలా మెల్లగా పోయాలి. ఒక్కసారి కొట్టినట్టు పోసినందుకు ఆమె నా చేతిలో చెంబు లాక్కుంది. అయిదో రోజుకు సున్నపు నీళ్ళకు అరిచేతులు పగిలాయి. ఆరో రోజున ఆ పగుళ్ళలోకి ఉప్పు దిగింది. ఆమె మనవరాలు, ఆనాటి ఎనిమిది రోజుల బిడ్డ, పేరు నాంచారే, గట్టు మీద కూర్చుని కేక వేసేది: “నాయనమ్మా, ఈ మామ్మ బిందె సగమే ముంచుతంది!”

తొమ్మిదో రోజున ఉన్నట్టుండి వాన వచ్చింది. మంచినీళ్ళ వాన. తాటాకు మట్టలు పట్టుకుని ఇద్దరం గోడ చుట్టూ పరుగెత్తాం. నేను బురదలో మోకాళ్ళ మీద పడ్డాను. అలాగే ఉండి మట్టను గోడకు ఆనించి పట్టుకున్నాను.

“కాన్వెంటులో ఇది నేర్పలేదా?” అంది అవతలి నుంచి.

“మోకరించడం నేర్పారు. దేని ముందో సరిగా చెప్పలేదు.”

“పైన నీళ్ళు కారతన్నయ్, చూసుకోండి.”

వాళ్ళిల్లు నాకు వసతి, వాళ్ళ కూర నాకు కూర. పదిహేనో రోజు దాటాక ఆమెను నేను మీరు అనడం మొదలుపెట్టాను. ఆమె విననట్టే ఉంది. లంకవాళ్ళు మొదట దూరం నుంచి చూశారు. తర్వాత ఒకామె ఎవరూ అడగకుండానే బిందెడు నీళ్ళు తెచ్చి గోడ దగ్గర పెట్టింది. తిరుపతమ్మ ఆ బిందెను కాలితో పక్కకు తోసేసింది.

“ఈవిడ బాకీ ఈవిడనే తీర్చనియ్యి. నీది వేరే ఉంది, దానికి వేరే రోజు చూద్దాం.”

ఇరవయ్యొకటో రోజు ఉదయం పోటు దిగింది. చివరి చెంబు పోశాను. గోడ నీటిని పీల్చుకుని, కాసేపటికి తేటగా, ఆల్చిప్ప లోపలి రంగులో నిలిచింది. తిరుపతమ్మ చీర చెంగు నడుముకు దోపుకుని వచ్చి నిలబడింది.

“మీరే చూడండి ముందు.”

మోకాళ్ళ మీద వంగి, గోడకు నాలుక ఆనించాను. చల్లగా ఉంది. ఉప్పు కోసం వెతికాను. పగిలిన నా పెదవి మీద ఉంది గాని గోడలో లేదు.

“ఎట్టా ఉంది?”

“చప్పగా ఉందండీ.”

ఆమె నా మాటను నమ్మలేదు. నమ్మకపోవడమే న్యాయం. గోడ చుట్టూ తిరిగి తూర్పున ఒకచోట, పడమర ఒకచోట, గుమ్మం పక్కన నేల దగ్గర ఒకచోట నాకి చూసింది. చివరిచోట చాలాసేపు ఆగింది. కోడలు నాంచారి మంచం ఆనాడు అక్కడే ఉండేదట, తర్వాత తెలిసింది. లేచి, వెనక్కి తిరగకుండానే మనవరాలిని పిలిచింది.

“నాంచారీ, పొయ్యి తెచ్చి లోపల పెట్టు.”

తర్వాత నా దగ్గరికి వచ్చి, సున్నంతో పగిలిన తన చేతిని సున్నంతో పగిలిన నా చేతి కింద పెట్టింది.

“లే, లూర్దమ్మా. పురుడు తీరింది.”